కాలువ గట్టు మీద 60 ఓంలు

హైదరాబాద్ నుంచి బాన్సువాడకు రెండు దారులు. నాగపూర్ హైవే పట్టుకుని కామారెడ్డి దాకా వెళ్లి ఎడమకు తిరగడం ఒకటి. నర్సాపూర్ అడవిలోంచి మెదక్, ఎల్లారెడ్డి మీదుగా పోవడం రెండోది. తొందర ఉన్నవాళ్లు మొదటి దారిన పోతారు. నాకు తొందర లేదు. పైగా నేను చూడాలనుకున్నవి మట్టి పని యంత్రాలు. అవి రెండో దారి పొడవునా పనిలో ఉన్నాయని విన్నాను. రోహిణి కార్తె ఎండ. పొద్దున్నే బయలుదేరినా నర్సాపూర్ దాటేసరికే కిటికీ అద్దం మీద చెయ్యి ఆనలేదు.

మెదక్‌లో కరువు రోజుల్లో జనానికి కూలి దొరకాలని మొదలుపెట్టి, 1924 క్రిస్మస్ నాడు తెరిచిన చర్చి ఉంది. అది దాటాక 1922లో పూర్తయిన పోచారం ఆనకట్ట. ఎల్లారెడ్డి తర్వాత కాస్త పక్కకు తిరిగితే 1923లో పని మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్. ఒక్క పూట ప్రయాణంలో, ఇంచుమించు ఒకే కాలపు మూడు కట్టడాలు. ఇప్పుడు మనం చూసే హైడ్రాలిక్ తవ్వకపు యంత్రం అప్పటికి పుట్టలేదు. జేసీబీ కంపెనీ పెట్టిందే 1945లో, ముందు బకెట్, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండిని అది తెచ్చింది 1953లో. పోచారం కట్ట, మంజీర మీది ఈ రాతి కట్ట అంతకు ముందువే. కట్ట మీద నిలబడి ఆ కొస నుంచి ఈ కొసకు చూస్తే ఎన్ని చేతులు మోసిన రాయో అనిపిస్తుంది.

నిజాంసాగర్ కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జూలై 11ని తెలంగాణ ఇంజనీర్స్ డేగా జరుపుకుంటున్నాం. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని ఆయన వేసిన ప్రధాన కాలువ బాన్సువాడ మీదుగా బోధన్, నిజామాబాద్ వైపు పోతుంది. కాలువ వచ్చాకే వర్ని చుట్టుపక్కల కోస్తా రైతుల క్యాంపులు వెలిశాయి. చెరకు వచ్చింది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ 2015లో మూతబడింది, చెరకు మళ్లలోకి వరి వచ్చింది. అన్నిటితోపాటు వచ్చి పోకుండా నిలిచింది పూడిక. మొదట్లో 29 టీఎంసీలకు పైగా పట్టిన జలాశయం, ఒండ్రు పేరుకుని, ఆ తర్వాత కట్ట ఎత్తు పెంచాక కూడా 17.8 టీఎంసీల దగ్గరే ఆగింది. పూర్తి మట్టం 1,405 అడుగులు. జలాశయంలో నిలవని ఒండ్రు కాలువలోకి, కాలువలోంచి పిల్లకాలువల్లోకి చేరుతుంది. యాసంగి కోతలయ్యాక, వానాకాలం నీళ్లు వదిలే లోపల, దాన్ని ఎత్తిపోయాలి. బాన్సువాడలో బళ్లకు పని దొరికే కాలం ఇదే. బండి ఆగితే గుండె ఆగేదీ ఇప్పుడే.

* * *

బాన్సువాడ చేరేసరికి రోడ్డుకు ఒక పక్క ఇంకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. కొనుగోలు కేంద్రం దగ్గర తూకానికి నిలబడ్డ ట్రాక్టర్లు, టార్పాలిన్లు కప్పిన కుప్పలు, మబ్బు కనిపిస్తే పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్న మనుషులు. ఈ ప్రాంతంలో నాట్లూ కోతలూ రాష్ట్రంలో మిగతా చోట్ల కంటే ముందే మొదలవుతాయి. అందుకే పంజాబ్ హార్వెస్టర్లు ముందుగా ఇక్కడే దిగుతాయి. బురద చేలల్లోకి పోయే చైన్ హార్వెస్టర్లు వేరు. కోతలయ్యేసరికి బస్టాండు నుంచి బయటికి పోయే రోడ్ల పక్కన షెడ్లలో వెల్డింగ్ వెలుగులే: బకెట్ పళ్లకు కొత్త ముక్కలు, విరిగిన పిన్నులు, కారుతున్న హైడ్రాలిక్ పైపులు.

మట్టి పని బళ్లు ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నా, వాటికి ఊపు తెచ్చింది చెరువుల పూడికతీత. మిషన్ కాకతీయ పథకం 2015 మార్చి 12న మొదలైంది ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని సదాశివనగర్ పాత చెరువు దగ్గరే. ఆ తర్వాత ఊరూరా కిస్తీల మీద బండి కొన్నవాళ్లు కనిపిస్తారు. 2025 ఆగస్టు చివరి వరదల్లో జిల్లాలో రోడ్లు, రైలు కట్ట తెగిపోయినప్పుడు ముందు పిలుపు వెళ్లింది కూడా ఈ బళ్లకే.

నన్ను ఇక్కడికి రమ్మన్నది కాలువ పని చేయిస్తున్న ఒక చిన్న గుత్తేదారు. పరిచయం చేస్తానన్నది ఒక మెకానిక్‌ని. ఆ మెకానిక్‌ని అందరూ 'వైరింగ్ అన్న' అనే పిలుస్తున్నారు. నడి వయసు. సౌదీలో ఒక పెద్ద నిర్మాణ సంస్థ వర్క్‌షాపులో ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చిన మనిషి. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు ప్రతి ఊళ్లోనూ గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉంటారు. వాళ్లు పంపిన డబ్బు గురించి, వాళ్ల కష్టాల గురించి చాలా రాశారు. తెచ్చిన పనితనం గురించి తక్కువ. ఈయన వెళ్లింది హెల్పర్‌గా. వచ్చింది మల్టీమీటర్ పట్టుకుని.

"అక్కడ బండి ఆగితె లాప్‌టాప్ పట్టుకుని ఇంజనీరొస్తడు సార్. లాప్‌టాప్ కంటె ముందుగాల నన్ను మీటర్ వెట్టి జూడమనేటోడు మా ఫోర్‌మన్. మల్యాళపాయన. 60 వస్తుందా, రాదా? గదొక్కటే అడిగేటోడు."

ఆ 60 ఏమిటో తెలియాలంటే కాలువ గట్టు మీద ఆగిపోయిన బండి దగ్గరికి పోవాలి.

* * *

ఊరవతల పంపిణీ కాలువ గట్టు. కాలువలో నీళ్లు లేవు; మధ్యలో తడి ఒండ్రు, దాని మీద కొంగలు. గట్టు మీద పసుపు రంగు బండి, ముందు బకెట్, వెనక తవ్వే చెయ్యి. కంపెనీ ఏదన్నది ఇక్కడ అక్కర్లేదు, ఈ తరహా వైరింగ్ ఇప్పుడు అన్నిటిలోనూ ఉంది. నీడన ఓనరు, ఆపరేటరు. ఆపరేటరు పిట్లం వైపు కుర్రాడు.

జబ్బు లక్షణాలు ఇవి. మట్టి ఎత్తుతుండగా డ్యాష్‌బోర్డు మీటర్లో ఇంజన్ వేగం సున్నాకు పడిపోతుంది. ఇంజన్ ఆగదు, కానీ యాక్సిలరేటర్ మాట వినదు, ఐడిల్‌కు దిగిపోతుంది. బజర్ మోగుతుంది. కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది. మళ్లీ పోతుంది. మీటర్ మీద కోడ్ పడింది: 190. ఆ నంబరు ఇంజన్ వేగానిదని ఎవరో చెప్పారు. చెప్పగానే ఓనరు వేగం కొలిచే సెన్సర్ కొత్తది వేయించాడు. బ్యాటరీ మార్చాడు. ఫలితం లేదు.

"అద్దె గంటలకొస్తది, కిస్తీ తారీఖుకొస్తది సార్," అన్నాడు ఓనరు. "కాల్వల నీళ్లిడిస్తె ఇగ పనే లేదు."

ఇలాంటి బండి ఒకప్పుడు చెడిపోతే చెప్పి చెడిపోయేది. పొగ రంగు మారేది, శబ్దం మారేది, నూనె కారేది. మెకానిక్ చెవి, ముక్కు, చెయ్యి చాలేవి. ఒక్కో సెన్సర్ నుంచి ఒక్కో గడియారానికి విడిగా తీగ ఉండేది. ఏ ముల్లు కదలకపోతే ఆ తీగ చూస్తే సరిపోయేది. యంత్రంలో ఎలక్ట్రానిక్ భాగాలు పెరిగేకొద్దీ తీగలు గుత్తులు గుత్తులుగా పెరిగాయి. కార్ల కోసం దీనికి విరుగుడు వెతికింది జర్మనీలో బాష్ కంపెనీ. అన్ని భాగాలూ రెండే తీగల మీద మాట్లాడుకునే పద్ధతిని 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జరిగిన ఆటోమొబైల్ ఇంజనీర్ల సభలో బయటపెట్టింది. పేరు కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా క్యాన్. 1990ల మొదట్లో ఖరీదైన మెర్సిడెస్ కార్లలోకి ఎక్కింది, 1993లో అంతర్జాతీయ ప్రమాణమైంది. లారీలకు, ట్రాక్టర్లకు, మట్టి పని యంత్రాలకు దాని మీదే జే1939 అనే ఉమ్మడి భాష తయారైంది. మన దేశంలో చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి స్టేజ్ 4, 2025 జనవరి 1 నుంచి స్టేజ్ 5 ఉద్గార నియమాలు వచ్చాయి. పొగ తగ్గాలంటే డీజిల్‌ను చుక్క లెక్కన కొలిచి పంపాలి, కొలవాలంటే ఇంజన్‌కు కంప్యూటర్ కావాలి. ఆ కంప్యూటర్ క్యాబిన్‌తో మాట్లాడాలి. అలా డెట్రాయిట్ సభలో చెప్పిన రెండు తీగలు బాన్సువాడ పిల్లకాలువ దాకా వచ్చాయి.

వైరింగ్ అన్న డ్యాష్‌బోర్డు కింద గుండ్రటి కప్లర్ మూత తీసి చూపించాడు. తొమ్మిది పిన్నులు. వాటిలో రెండింటికి వచ్చేవి ఒకదాన్నొకటి మెలేసుకున్న తీగలు, ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ. ఎవరూ మాట్లాడనప్పుడు రెండింటిలోనూ దాదాపు రెండున్నర వోల్టులుంటాయి. ఏదైనా భాగం మాట పంపినప్పుడు పసుపు తీగ మూడున్నరకు లేస్తుంది, ఆకుపచ్చ ఒకటిన్నరకు దిగుతుంది. వినేవాళ్లు చూసేది రెండింటి మధ్య తేడాను మాత్రమే. బయటి నుంచి విద్యుత్ అలజడి వస్తే మెలేసిన రెండు తీగలకూ సమానంగా తగులుతుంది, తేడా మారదు. జే1939లో ఈ మాటల వేగం మామూలుగా సెకనుకు రెండున్నర లక్షల బిట్లు. ఎవరు పంపిన మాటైనా అందరికీ వినిపిస్తుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే చిన్న నంబరున్న మాట ముందుకు పోతుంది, రెండోది ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఇంత వేగంతో పోయే మాట తీగ కొసకు చేరి వెనక్కు తిరిగొస్తే వెనకాల వచ్చే మాట చెడిపోతుంది. అందుకని రెండు కొసల్లోనూ 120 ఓంల నిరోధకాలు పెడతారు. కరెంటు తీసేసి పసుపు, ఆకుపచ్చ తీగల మధ్య మీటర్ పెడితే రెండూ సమాంతరంగా కలిసి 60 చూపించాలి. మలయాళీ ఫోర్‌మన్ అడిగే 60 అదే. 120 చూపిస్తే ఒక కొస కనిపించడం లేదని అర్థం. సున్నా చూపిస్తే రెండు తీగలూ ఎక్కడో అంటుకున్నాయి. 40 చూపిస్తే మూడో నిరోధకం ఎవరో దూర్చారు.

"40 గూడ జూసిన సార్," అన్నాడాయన. "బండి దొంగలు వోతరని ఒకాయన జీపీఎస్ పెట్టిచ్చిండు. పెట్టినోడు దాన్ని తీస్కపోయి ఈ రెండు తీగలకే కలిపిండు. దాంట్ల ఇంకో రెసిస్టరు. బండికేం గాలె, మాటలే గల్వలె."

* * *

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బండి బుద్ధిగా పనిచేసింది. బ్యాటరీ ఐసోలేటర్ తిప్పి మీటర్ పెడితే సరిగ్గా 60. ఇంకొకరైతే 'ఏం లేదు, కంపెనీ వాళ్లను పిలవండి' అని చెయ్యి దులుపుకునేవాళ్లు. ఈయన ఆపరేటర్‌ను కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడొస్తది తమ్మీ? గడ్డకు బకెట్ తగిలినప్పుడా? మలిపినప్పుడా? రోడ్డు మీద పోతుంటెనా?

"పొద్దుగాల మంచిగనే ఉంటది అన్నా. పగటీలి దాటినంక మొదలైతది. మాపటీలికి మల్ల మంచిగైతది. అయితారం కడిగినం గదా, సోమారం ఎక్కువ సతాయిస్తది."

ఓనరుకు అది కొత్త సంగతి. సెన్సర్ కొన్నప్పుడు ఆపరేటర్‌ను ఎవరూ అడగలేదు. వైరింగ్ అన్న మాత్రం రెండు ముక్కలు పట్టుకున్నాడు: ఎండ, నీళ్లు.

తర్వాత కోడ్ సంగతి. చిన్న స్కానర్ తగిలించి అందులో రెండు నంబర్లు చూపించాడు. మొదటిది 190, ఇంజన్ వేగం. దాని పక్కన 9. ఓనరుకు చెప్పినవాళ్లు మొదటి నంబరు చదివి ఆగిపోయారు. సంగతంతా రెండోదాంట్లో ఉంది. 3 అంటే సెన్సర్ వోల్టేజీ మితిమీరింది, 4 అంటే తగ్గిపోయింది, 5 అంటే తీగ తెగి కరెంటు పారడం లేదు. 9 అంటే సెన్సర్‌తో సంబంధమే లేదు. రావలసిన మాట రావలసిన వేళకు రాలేదని. ఫిర్యాదు చేసిన భాగం నంబరు కూడా అందులోనే ఉంటుంది. ఇంజన్ కంప్యూటర్‌ది 0, డ్యాష్‌బోర్డు మీటర్‌ది 23. ఇక్కడ మొర పెట్టుకున్నది 23. అంటే ఇంజన్ తన వేగాన్ని చక్కగానే కొలుస్తోంది, చక్కగానే చెబుతోంది. మీటర్ దాకా మాట చేరడం లేదు. ఓనరు డబ్బు పెట్టి మార్చింది మంచి సెన్సర్‌ని.

నిజాంసాగర్ ఆయకట్టులో పుట్టి పెరిగినవాళ్లకు ఇది కొత్త కాకూడదు. నీళ్లు రాలేదని కలెక్టరేట్‌కు వచ్చేది కాలువ చివరి రైతే. గండి పడింది అతని పొలంలో కాదు, ఎక్కడో పైన. కాలువ చూసుకునే లష్కర్ గట్టు పట్టుకుని వెనక్కు నడుస్తాడు. సగం దూరంలో తూము దగ్గర నీళ్లున్నాయా లేదా చూస్తాడు. ఉంటే గండి కిందివైపు, లేకపోతే పైవైపు. వైరింగ్ అన్న చేయబోయేది అదే.

ఒంటిగంట దాటింది. ఎండ గట్టు మీద నిలబడనివ్వడం లేదు. బండి నడుస్తూ నడుస్తూ బజర్ మోగింది. ముల్లు సున్నాకు పడింది. ఆపరేటర్ బండి ఆపాడు. ఐసోలేటర్ తిప్పి మీటర్ పెడితే 60 లేదు, 119.8. ఆ సంఖ్య చూసి ఆయన ముఖం విప్పారింది. కనిపించని జబ్బు కంటే కనిపించే జబ్బు మేలు.

మీటర్ పెట్టింది క్యాబిన్‌లో. క్యాబిన్ కొస నిరోధకం కనిపిస్తోంది కాబట్టే 120. కనిపించనిది ఇంజన్ కొస. మధ్యలో క్యాబిన్ నేల కింద ఒక పెద్ద కప్లర్ ఉంది, క్యాబిన్ వైరింగ్, ఇంజన్ వైరింగ్ కలిసే చోటు. ఆయన బండి కిందికి దూరాడు, నేను నీడ కోసమని దూరాను. కప్లర్ మీద ఎండిన ఒండ్రు. లాకు నొక్కి విడదీశాడు. క్యాబిన్ వైపు పిన్నుల మధ్య మీటర్: 120. ఇంజన్ వైపు పిన్నుల మధ్య: 120.

"ఇటు మంచిగుంది, అటు మంచిగుంది," అన్నాడు. "ఇగ ఖరాబున్నది కల్సే కాడనే."

టార్చి వేసి చూపించాడు. ఆకుపచ్చ తీగ వచ్చే పిన్ను చుట్టూ ఆకుపచ్చటి చిలుము. రాగి తుప్పు. ఆ పిన్ను పట్టు వదులైంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తగులుతుంది, ఎండకూ ఇంజన్ వేడికీ లోహం సాగి, బండి అదురుకు తోడైతే తప్పుకుంటుంది. కుర్రాడు చెప్పిన పగటీలి, మాపటీలి లెక్క ఇదే.

కానీ ఈ కప్లర్లకు రబ్బరు సీళ్లుంటాయి. నీళ్లు లోపలికి ఎలా వెళ్లాయి? చాలామంది తుప్పు గీకి, స్ప్రే కొట్టి, కప్లర్ బిగించి పైసలు తీసుకుంటారు. ఈయన తీగను వేలితో తడుముకుంటూ పైకి పోయాడు. కప్లర్‌కు జానెడు పైన ఆగాడు. తీగ తొడుగు మీద సూదిమొన అంత రంధ్రం. పక్కన ఇంకొకటి.

"టెస్ట్ ల్యాంప్ వొడిచిండ్రు."

ఇదివరకెప్పుడో ఇంకేదో జబ్బుకు ఎవరో టెస్ట్ ల్యాంప్ సూది గుచ్చి కరెంటు వస్తోందా అని చూశారు. పాత లారీల వైరింగ్‌కు అది నడిచేది. ఇక్కడ ఆ రంధ్రంలోంచి ప్రతి ఆదివారం ప్రెషర్ పంపుతో కొట్టిన నీళ్లు తొడుగు లోపలికి పోయి, తీగ పోగుల వెంట దిగి, రబ్బరు సీలుకు లోపలి వైపునుంచే పిన్నును చేరాయి. వెనకటి పరీక్షే ఇప్పటి జబ్బుకు మూలం.

మరమ్మతు ఎక్కువసేపు పట్టలేదు. రంధ్రాలున్న ముక్క కత్తిరించి అదే మందం తీగ అతికాడు. కొత్త పిన్నులు క్రింప్ చేశాడు. జిగురున్న స్లీవ్ తొడిగి వేడి చేశాడు. పసుపు, ఆకుపచ్చ తీగలను కప్లర్ దాకా మళ్లీ మెలేశాడు. మెలిక విప్పి వదిలేస్తే అలజడికి ఆ చోటు దొరికిపోతుందన్నాడు. కప్లర్‌ను కాస్త పక్కకు జరిపి, నీళ్లు నిలవకుండా నోరు కిందికి ఉండేలా క్లాంపు బిగించాడు. మీటర్: 60. కోడ్ చెరిపి, బండిని ఎండలోనే సాయంత్రం దాకా నడిపించి కానీ డబ్బు అడగలేదు.

* * *

రాత్రి భోజనానికి బస్టాండు దగ్గర కూర్చున్నప్పుడు ఆయన మిగతా కేసులు చెప్పాడు. బకెట్ పళ్లకు వెల్డింగ్ పెడుతూ బ్యాటరీ తీయని షెడ్డు ఒకటి. ఆ కరెంటు వైరింగ్‌లోకి దారి తీసుకుని కంప్యూటర్‌నే కాల్చేసింది. వడ్ల కుప్పల పక్కన నెల రోజులు నిలబెట్టిన హార్వెస్టర్‌లో ఎలుకలు తీగల గుత్తి కొరికేశాయి. రెండు తీగల్లో ఒకటి ఇనుప చట్రానికి రాసుకుని రాసుకుని తొడుగు అరిగిపోయిన పొక్లెయిన్ ఇంకొకటి, అది కుడివైపు తిరిగినప్పుడు మాత్రమే ఆగేదట. ఏ కేసులోనూ కోడ్ అసలు కారణాన్ని చెప్పలేదు. ఫిర్యాదు చేసిందెవరో చెప్పింది, అంతే. కారణం బురదలో, ఎలుకల్లో, వెల్డింగ్ షెడ్డులో, కడిగే పంపులో ఉంది.

నాకు ఈ ప్రయాణంలో తేటపడిన విషయం ఇదే. ఈ యంత్రాల్లో లోపం వెతకడం రెండు తెలివిడులు కలిస్తేనే అయ్యే పని. నంబర్ల తెలివిడి ఒకటి: 60, 120, 190 పక్కన 9. నేల తెలివిడి ఇంకొకటి: బండి ఎప్పుడు కడుగుతారు, ఎక్కడ నిలబెడతారు, ఏ పూట మొరాయిస్తుంది. మొదటిది కంపెనీ లాప్‌టాప్‌లో ఉంది, రెండోది ఆపరేటర్ నోట్లో ఉంది. లాప్‌టాప్ నగరం నుంచి రావాలి. ఆపరేటర్‌ను అడిగేవాళ్లు లేరు. ఈ రెంటి మధ్య ఖాళీలోనే మంచి సెన్సర్లు మారుతున్నాయి, కిస్తీలు మీద పడుతున్నాయి.

ఈ ఖాళీ పూడ్చడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. బాన్సువాడ గట్టు మీద జబ్బు పట్టించిన మీటర్ ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరికేదే. దొరకనివి వైరింగ్ పటాలు. ఏ కప్లర్ ఎక్కడుంది, ఏ పిన్ను ఏ తీగది, నిరోధకాలు ఏ కొసల్లో ఉన్నాయి అన్నది ఒక్క కాగితం. బండి కొన్నవాడికి తాళంచెవితోపాటు ఆ కాగితం, చదవగలిగిన తెలుగులో, ఇవ్వడానికి కంపెనీలకు అడ్డేముంది? 2024లో తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక శిక్షణ కేంద్రాలుగా మార్చే పని మొదలైంది. అక్కడి పిల్లలకు రోబోలు నేర్పుతున్నారు, మంచిదే. కాలువలో ఆగిపోయిన బండికి మీటర్ పెట్టడం కూడా నేర్పితే, ఈ విద్య కోసం ఎవరూ సౌదీ ఎండలో హెల్పర్‌గా చేరనక్కర్లేదు.

వైరింగ్ అన్నకు ఆ మాటే చెప్పాను. నవ్వాడు. "నేర్పియ్యున్రి సార్. నాకు ఫోన్లు తగ్గుతై," అన్నాడు. అనడమే ఆలస్యం, ఫోన్ మోగింది. వర్ని దగ్గర ఏదో క్యాంపు నుంచి. చైన్ హార్వెస్టర్ సగం చేలో ఆగిందట, డిస్‌ప్లే చీకటైపోయిందట. అవతలి మనిషి కంగారుగా చాలా చెప్పుకుపోతున్నాడు. ఈయన ఓపిగ్గా విని ఒక్కటే చెప్పాడు:

"నేనొచ్చెదాక కడగకున్రి. వెల్డింగ్ పెట్టకున్రి. తీగల్ల సూది వొడవకున్రి. బురద గట్లనే ఉండనియ్యున్రి. డ్రైవరున్నడా? ఓనరును గాదన్నా, డ్రైవరుకియ్యి ఫోను."